డబ్బా ఒక్కటే చాలు, అదీ మైదానం బయట

సంపాదకులకు,

నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానం చుట్టూ జియోక్యాషింగ్ ఆడించాలని కొందరు యువకులు ఉత్సాహపడుతున్నారు. మంచి ఆలోచన. జీపీఎస్ అంకెల (అక్షాంశ, రేఖాంశాల) సాయంతో దాచిన డబ్బాను వెతకాలి, లోపలున్న నోట్‌బుక్కులో పేరు రాయాలి, డబ్బాను ఉన్నచోటే పెట్టి రావాలి. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తేడాను ఆపేసిన వెంటనే ఒరెగాన్‌లో తొలి డబ్బా దాచారు, ఆట అక్కడ పుట్టింది. అయితే మైదానమంతా పది డబ్బాలు చల్లుదామన్న ఆలోచన మానుకోవాలని మా మనవి.

మొదటి కారణం ఆట నియమమే. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. బౌండరీ నుంచి బౌండరీకి అంత దూరమున్న క్రికెట్ మైదానాలు అరుదు. కాబట్టి లోపల రెండో డబ్బాకు చోటే లేదు. డబ్బా లేకుండా, అక్కడున్నదాన్ని కేవలం చూసి లెక్కపెట్టి, ఆ జవాబులతో డబ్బా ఉన్న చోటు అంకెలు పూరించుకునే మజిలీలకు ఈ దూరం నియమం వర్తించదు. మైదానాన్ని అలాంటి మజిలీలకు వాడుకుని, ఒకే ఒక్క డబ్బాను ప్రహరీ బయట, స్థల యజమాని ఒప్పుకున్న చోట పెట్టండి. మజిలీల కోసం కాలేజీ ప్రిన్సిపాల్ అనుమతి కూడా ముందే తీసుకోవాలి.

మజిలీ ప్రశ్నలు తయారు చేయడంలోనే అసలు పని ఉంది. పిచ్ పొడవు 22 గజాలు, స్టంపుల ఎత్తు 28 అంగుళాలు వంటివి పిల్లలు ఇంట్లో కూర్చునే చెప్పేస్తారు, వాటితోనే లెక్క తేలితే మైదానానికి ఎవరూ రారు. అక్కడికి వచ్చి చూస్తేగానీ తెలియనివి అడగాలి: గ్యాలరీకి ఎన్ని మెట్లు, గేటుకు ఎన్ని ఊచలు. నేలకు ఆనుకున్న మెట్టును కలపాలో వద్దో స్పష్టంగా రాయకపోతే సగం మందికి ఒకటి తేడా వస్తుంది. ఆ ఒక్క అంకె అక్షాంశంలో ఏ స్థానంలో పడిందన్నదాన్ని బట్టి రెండు మీటర్ల తప్పు కావచ్చు, రెండు వందల మీటర్ల తప్పూ కావచ్చు. అందుకే జవాబులోని అంకెలన్నీ కూడితే ఎంత రావాలో చివర్లో ఇవ్వండి, తప్పు లెక్కతో ఎవరూ పక్కింటి గోడ ఎక్కరు. రంగుతో రాసిన బోర్డుల మీద ప్రశ్నలు పెట్టకండి. ఎన్నికల ముందు గోడలన్నిటికీ సున్నం పడుతుంది.

అంకెల పద్ధతిలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. ఫోన్ మ్యాపులో 17.05 అని కనిపించేది డిగ్రీల దశాంశం. ఈ ఆటలో రాసేది డిగ్రీలు, నిమిషాలు, నిమిషాల దశాంశం. అంటే 17.05 డిగ్రీలను 17 డిగ్రీల 03.000 నిమిషాలని రాయాలి. దాన్నే 17 డిగ్రీల 5 నిమిషాలుగా చదివితే మనిషి దాదాపు 3.7 కిలోమీటర్లు ఉత్తరాన తేలతాడు.

ఫోన్‌ను సరిచూసుకోవడానికి మైదానమే మంచి కొలబద్ద. బ్యాటర్ కళ్లలో ఎండ పడకూడదని పిచ్‌ను మామూలుగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. పిచ్ తొక్కకుండా, పక్కనే రెండు వైపుల స్టంపులకు ఎదురుగా నిలబడి అంకెలు రాసుకోండి. 20.12 మీటర్లకు అక్షాంశంలో సుమారు 0.011 నిమిషాల తేడా రావాలి, రేఖాంశం దాదాపు మారకూడదు. ఈ తేడా సరిగ్గా వచ్చినా మొత్తం స్థానం అయిదారు మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు, ఎందుకంటే ఒకే సమయంలో తీసిన రెండు కొలతల్లోనూ ఒకే తప్పు ఉంటుంది. అందువల్ల డబ్బా చోటును మూడు వేర్వేరు రోజుల్లో కొలిచి సగటు తీయాలి. ఎత్తయిన గోడ, గ్యాలరీ రేకుల పక్కన సంకేతం తగిలి తిరిగొస్తుంది, గుబురు చెట్ల కింద బలహీనపడుతుంది. వాటికి కాస్త ఎడంగా దాచితే వెతికేవాళ్లకు సగం బాధ తప్పుతుంది.

డబ్బా విషయానికొస్తే, స్టీలు టిఫిన్ వద్దే వద్దు. ఎవరిదో తెలియని టిఫిన్ డబ్బా కనిపిస్తే జనం భయపడి పోలీసులకు ఫోన్ చేస్తారు, చేయాలి కూడా. లోపల ఏముందో బయటికే కనిపించే ప్లాస్టిక్ డబ్బా, నాలుగు వైపులా క్లిప్పులు, మూతలో రబ్బరు పట్టీ ఉన్నది, అర లీటరుది సరిపోతుంది. అందులో జిప్ కవర్లో చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టండి. పెన్ను ఎండకు కారుతుంది. చాక్లెట్లు, బిస్కెట్లు పెడితే మొదట చీమలు, తర్వాత కోతులు వస్తాయి. మూత మీద "జీపీఎస్ ఆట డబ్బా, ప్రమాదం లేదు" అని తెలుగులో, ఉర్దూలో చెరగని మార్కరుతో రాసి, బాధ్యుల ఫోన్ నంబరు వేయండి. స్థానిక పోలీస్ స్టేషన్‌లోనూ, ఎదుటి చాయ్ హోటల్‌లోనూ ముందే చెప్పి ఉంచాలి.

రాళ్ల కింద, పుట్టల దగ్గర దాచకూడదు, తేళ్లు, పాములు ఉండేది అక్కడే. స్థల యజమాని అనుమతి లేకుండా మట్టి తవ్వడం, చెట్టుకు మేకు కొట్టడం ఆట నియమాల ప్రకారమే నిషిద్ధం. నడుము ఎత్తులో ప్లాస్టిక్ తొడుగున్న తీగతో వదులుగా కడితే చాలు. ఉత్సాహం పెరిగి పానగల్ వైపు వెళ్లేవారు ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయాల్లో డబ్బా పెట్టవద్దు. ఒకరు రాళ్ల సందులో పెడితే వెనక వచ్చే వందమంది ఆ సందుల్లో చేతులు పెడతారు, శిల్పం ఊడుతుంది. అక్కడ చూసి జవాబు చెప్పే మజిలీ మాత్రమే తగును.

ఈ మైదానంలో బహిరంగ సభలూ జరుగుతాయి. సభ ప్రకటన రాగానే డబ్బా తీసేసి, డబ్బా వివరాలు నమోదు చేసిన జియోక్యాషింగ్ వెబ్‌సైట్‌లో తాత్కాలికంగా నిలిపివేసినట్టు చూపాలి. మ్యాచ్ నడుస్తుండగా వెతకడానికి వెళ్లకూడదు. వానాకాలంలో వారానికోసారి మూత తీసి రబ్బరు పట్టీ చూడాలి, ఇసుక రేణువు ఇరుక్కున్నా నీళ్లు దిగుతాయి. ఇంత చూసుకునే మనిషి ఊళ్లోనే ఉంటేనే డబ్బా పెట్టండి. వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టాలంటే ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపు ముగించండి. నవంబరు దాకా ఆగగలిగితే ఇంకా మంచిది.

ఇట్లు,
జియోక్యాషింగ్ ఆడే మిత్రులం,
నల్లగొండ