యంత్రం ఊరికే ఉన్నప్పుడు వచ్చే మోత

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పాత పిన్‌బాల్ యంత్రం చివరికి నీ ఇంటికి చేరిందని చదివి చాలా సంతోషించాను. ప్లగ్గు పెట్టిన క్షణం నుంచీ అది గుయ్యిమని ఒకటే మోత పెడుతోందని నువ్వు రాసిన భాగాన్ని మాత్రం రెండుసార్లు చదివాను, ఎందుకంటే ఏడాది క్రితం నా యంత్రం వచ్చిన మొదటి రాత్రి నేను విన్న మోత కూడా అచ్చంగా అదే. ఈ పనిలో నేనింకా కొత్తవాడినే. అయితే నేను దారి తప్పిన చోట్లన్నీ ఇంకా బాగా గుర్తున్నాయి కనుక, నీకు ఆ తిరుగుడు తప్పాలని వివరంగా రాస్తున్నాను.

ఈ యంత్రాలకు చప్పుడు సహజమని ముందుగా గుర్తుంచుకో. 1947లో గాట్లీబ్ సంస్థ తన హంప్టీ డంప్టీ యంత్రానికి ఫ్లిప్పర్లు (బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టే చిన్న రెక్కలు) అమర్చిన నాటి నుంచి, 1970ల చివర్లో ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చి నిలదొక్కుకునే దాకా, ఈ ఆటలో లెక్కలన్నీ రిలేలూ (కరెంటు అందగానే అయస్కాంతంతో కదిలే స్విచ్‌లు), స్టెప్పర్ యూనిట్లూ (ఒక్కో అడుగు చొప్పున కదిలి లెక్క నిలుపుకునేవి), స్కోర్ మోటారూ కలిసి చేసినవే. యాభై పాయింట్లు ఇవ్వాలంటే స్కోర్ మోటారు ఒక విడత తిరిగి పదుల చక్రాన్ని అయిదుసార్లు ముందుకు నెట్టాలి, ఆ అయిదు టక్కులనూ నువ్వు చెవితో లెక్కపెట్టుకోవచ్చు. యంత్రం ఏం ఆలోచిస్తోందో మనకు వినిపించడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది. అందువల్ల మోతనంతా అణచాలని చూడకు. ఆట సాగుతున్నప్పుడు, ఏదో ఒకటి జరిగినందుకు వచ్చే చప్పుడు ఒక జాతి. ఎవరూ ముట్టుకోకుండా యంత్రం ఊరికే ఉన్నప్పుడు కూడా ఆగకుండా వచ్చేది వేరే జాతి. నీది ఈ రెండోది కనుక వెతకాల్సిన చోట్లు సగానికి సగం తగ్గిపోయాయి.

చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు గోడ నుంచి తీసేయడం నియమంగా పెట్టుకో. కాయిళ్లకు (కరెంటు పారితే అయస్కాంతాలయ్యే తీగచుట్టలకు) అందేది సుమారు 24 నుంచి 50 వోల్టులు, దీపాలకు సుమారు 6 వోల్టులు మాత్రమే అయినా, ట్రాన్స్‌ఫార్మర్ వరకూ వచ్చేది ఇంటి కరెంటే. కొన్ని యంత్రాల్లో ఆన్ ఆఫ్ స్విచ్ కట్టేసినా అది లోపలి దాకా వస్తూనే ఉంటుంది. పాత యంత్రాలు చాలావాటికి ఎర్త్ తీగ ఉండదు. నీ దానికీ లేకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ తీగ వేయించిన తరువాతే మిగతా పని మొదలుపెట్టు. ఫ్యూజు ఎంత సామర్థ్యం ఉండాలో యంత్రం మీద రాసి ఉన్నదాన్నే పాటించు.

ఇక మోత ఎందుకు పుడుతుందో చెబుతాను. ఈ రిలేలు చాలామటుకు ఏసీ కరెంటు మీద నడుస్తాయి. 50 హెర్ట్జ్ కరెంటయితే రిలే అయస్కాంతం సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ అయితే 120 సార్లు బలం కోల్పోయి మళ్లీ పుంజుకుంటుంది. ఆ రెప్పపాటులో కాయిల్ లాగి పట్టుకున్న ఇనుప రేకు జారిపోకుండా పట్టి ఉంచడానికే కాయిల్ నడుమ ఉండే కడ్డీ కొనన చిన్న రాగి ఉంగరం బిగించి ఉంటుంది. దానివల్ల ఆ భాగంలో అయస్కాంత బలం కాస్త ఆలస్యంగా తగ్గి, పట్టు ఎప్పుడూ పూర్తిగా సున్నా కాదు. ఉంగరం పగిలినా వదులైనా, రేకుకూ కడ్డీకీ మధ్య మురికి చేరినా, కాయిల్‌ను పట్టి ఉంచే స్క్రూ సడలినా రేకు పూర్తిగా అతుక్కోదు. అది అదురుతూ ఉంటుంది, ఆ అదురును చెక్క పెట్టె పదింతలు చేసి వినిపిస్తుంది.

నేను చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. మోత పెట్టె అడుగు నుంచి వస్తోంది, అడుగున ఉన్నవాటిలో పెద్దది ట్రాన్స్‌ఫార్మర్, కనుక దోషం దానిదే అనుకుని రెండు సాయంత్రాలు దాని చుట్టూనే తిరిగాను. దాని మరలు బిగించి, అడుగున రబ్బరు వాషర్లు వేస్తే మోత రవ్వంత తగ్గిందే తప్ప పోలేదు. ఆ తరువాత ఒక పొడవాటి ఎండిన కర్రపుల్ల తీసుకుని, ఒక కొన చెవి దగ్గర ఆనించి, రెండో కొనను ఒక్కొక్క భాగం చట్రం మీదా పెట్టుకుంటూ పోయాను. వైద్యుడి స్టెతస్కోపు ఎలా పనిచేస్తుందో అదీ అంతే. స్విచ్ వేయగానే రేకును లాగి, స్విచ్ కట్టేదాకా పట్టుకునే ఉండే హోల్డ్ రిలే దగ్గర పుల్ల పెట్టగానే చెవి జివ్వుమంది. అదే పుల్లతో ఇనుప రేకును మెల్లగా కాయిల్ వైపు అదిమాను, గది ఒక్కసారిగా ప్రశాంతమైపోయింది. ఆ నిశ్శబ్దం విన్నప్పుడు కలిగిన ఆనందం ఇది రాస్తుంటే కూడా గుర్తొస్తోంది.

నువ్వూ అదే చెయ్యి. ఏ రిలేను అదిమితే మోత మారుతుందో కనుక్కున్నాక ప్లగ్గు తీసి, రేకుకూ కడ్డీకీ నడుమ దళసరి కాగితం ముక్క దూర్చి, రేకును వేలితో నొక్కి కాగితాన్ని బయటకు లాగు. కాగితం నల్లగా రావడం మానేదాకా ముక్కలు మార్చు. కాయిల్ వెనకున్న స్క్రూ బిగించు. నా దానికి ఈ రెండూ సరిపోయాయి. నూనె మాత్రం వేయకు, కాంటాక్టుల (స్విచ్ పట్టీల మీద కరెంటు కలిసే మొనల) మీద పాకి దుమ్మును పట్టి కొత్త రోగం తెస్తుంది. గరుకు కాగితంతో కాంటాక్టుల్ని రుద్దకు. ముఖ్యంగా, పక్కనే ఉన్నాయి కదా అని స్విచ్ పట్టీలను వరుసగా వంచుతూ పోకు, నేను రెండు వంచితే మూడో చోట ఆట ఆగిపోయింది.

మోత గుయ్యిమని సాగక టకటకమని కొట్టుకుంటుంటే అది వేరే సంగతి. అక్కడ రిలేకు కరెంటు అందించే కాంటాక్టు మురికిపట్టి ఉంటుంది, రిలేలో లోపం ఉండదు. ఆట మొదలుపెట్టినప్పుడు స్కోర్ మోటారు ఆగకుండా తిరుగుతుంటే, ఏ స్కోరు చక్రమైనా సున్నాకు చేరిన సంగతి దాని స్విచ్ చెప్పడం లేదేమో చూడు. గట్టిపడిన పాత గ్రీజు వల్ల కదలని స్టెప్పర్ యూనిట్ కూడా ఇదే గోల చేస్తుంది.

ఫ్లిప్పర్ల గురించి నువ్వు అడగలేదు కానీ త్వరలోనే అడుగుతావు. వాటి కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి. ఒకటి బలంగా లేపడానికి, రెండోది లేచినదాన్ని తక్కువ కరెంటుతో నిలపడానికి. ఫ్లిప్పరు పైకి చేరగానే ఒక చిన్న స్విచ్ తెరుచుకుని పని రెండో చుట్టుకు అప్పగిస్తుంది. బటన్ నొక్కి పట్టుకున్నప్పుడు ఫ్లిప్పరు టపటపమని కొట్టుకుంటే రెండో చుట్టు తెగిందని అనుమానించాలి. గట్టిగా బుర్రుమంటూ కాయిల్ వేడెక్కుతుంటే ఆ స్విచ్ తెరుచుకోవడం లేదన్నమాట, వెంటనే బటన్ వదిలేయి. ఏసీ యంత్రానికి కాయిల్ స్టాపు (కాయిల్ లోపలి కడ్డీ వచ్చి ఆగే ఇనుప ముక్క) మార్చాల్సి వస్తే రాగి ఉంగరం ఉన్నదే అడిగి తీసుకో. డీసీ యంత్రాల స్టాపుకు ఆ ఉంగరం ఉండదు, అది బిగిస్తే నిలిపి పట్టినంతసేపూ మోతే.

ఇవన్నీ చేశాక కూడా మొత్తం యంత్రం అవసరానికి మించి ధాటిగా కొడుతున్నట్టు అనిపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద తీగ ఎక్కువ వోల్టేజీ ఇచ్చే హై ట్యాప్‌కు కలిపి ఉందేమో చూడు. కరెంటు బలహీనంగా ఉన్న చోట్ల కోసం పెట్టిన ఏర్పాటు అది. నీ దగ్గర కరెంటు బాగానే ఉంటే మామూలు ట్యాప్‌కు మార్చడం మేలు.

ఈ వారాంతంలో కర్రపుల్ల ఒకటి వెతికిపెట్టుకో. మోత ఏ రిలేదో తేలగానే, దాన్ని విప్పే ముందు ఫొటో తీసి, పక్కన అంటించిన చీటీ మీద ఉన్న పేరుతో సహా నాకు పంపు. సర్క్యూట్ పటంలో దాని చోటు నేనూ వెతుకుతాను.

ఇట్లు
నీ మిత్రుడు