మంచం పట్టిన మనిషికి డైపరు కూడా మందే

సంపాదకులకు నమస్కారాలు.

మా అమ్మ పక్షవాతంతో మంచం పట్టి, రెండేళ్ల మూడు నెలలు అలాగే ఉండి, మొన్న మాఘమాసంలో కన్నుమూసింది. ఆమె పోయాక ఖర్చుల పుస్తకం తిరగేస్తే, మందులకు అయినదాని కంటే డైపర్లకు అయినదే ఎక్కువని తేలింది. బీపీ మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చేవారు. డైపర్లు మాత్రం ప్రతిసారీ కొనుక్కోవలసిందే. నేను రిటైరైన ఉపాధ్యాయురాలిని, నెలనెలా పింఛను వస్తుంది కనుక నెట్టుకొచ్చాను. ఆ ఆధారం లేని ఇళ్ల గురించి చెప్పాలనే ఈ లేఖ రాస్తున్నాను.

ఏ కంపెనీవైనా మా ఊళ్లో వీటిని ప్యాంపర్లనే అంటారు. పెద్దవాళ్లవి మేము కొన్న షాపులో ఒక్కోటి సుమారు 40 రూపాయలు పడేది. మనిషి ఒళ్లు చెడకుండా ఉండాలంటే రోజుకు నాలుగైనా మార్చాలి. అంటే రోజుకు 160, నెలకు 4,800 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. అంటే పింఛను మొత్తం దీనికే పోసినా నెల గడవదు. తెలంగాణలో వృద్ధులకిచ్చే 2,016 రూపాయలైతే పన్నెండు రోజులకే సరి. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నది, అది నిజంగా పెద్ద సాయం. కానీ గోడ పట్టుకుని నాలుగడుగులు వేయగలుగుతూ, మూత్రం మాత్రం ఆపుకోలేని ముసలివాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ఆ కోవలోకి రారు.

ఒక సాయంత్రం మందుల షాపులో నా పక్కన నిలబడిన ఒకావిడ, "అన్నా, పెద్దవాళ్లవి లూజుగా రెండివ్వు" అని అడిగింది. షాపతను అప్పటికే చింపి ఉన్న ప్యాకెట్టులోంచి రెండు తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆవిడ కూలిపనికి వెళుతుంది, ఇంట్లో అత్తగారు మంచంలో ఉన్నారు. పొద్దున ఏడింటికి ఒకటి కట్టి వెళితే మళ్లీ సాయంత్రం ఆరింటికి వచ్చాకే విప్పడం. రాత్రికి పాత చీర గుడ్డలు. పదకొండు గంటలు తడిలో నానిన చర్మం ఏమవుతుందో చూసినవారికి తెలుస్తుంది: మొదట తొడల సందున ఒరిసి ఎర్రబడుతుంది, తరువాత నడుము కింద పొక్కి పుండవుతుంది. ఒకసారి పడక పుండు పడ్డాక దాని కట్లకూ మందులకూ అయ్యే ఖర్చు, మిగుల్చుకున్న డైపర్ల డబ్బును ఎన్నో రెట్లు మించిపోతుంది. గుడ్డలు వాడుకోవచ్చు కదా అని అనేవారున్నారు. మేమూ వాడాం. కానీ రోజుకు పది గుడ్డలు ఉతకడానికి నీళ్లుండాలి, ముసురు పట్టిన రోజుల్లో ఆరేసుకోవడానికి చోటుండాలి, అన్నిటికీ మించి పగలంతా ఇంట్లో ఒక మనిషుండాలి.

పసిపిల్లలకు రెండేళ్లో మూడేళ్లో గడిస్తే ఈ అవసరం తీరిపోతుంది. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు స్వాధీనంలో లేని పిల్లలకు ఎన్నేళ్లైనా తీరకపోవచ్చు. మా వీధి చివర అలాంటి పదకొండేళ్ల పాప ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి తీసుకెళ్లే రోజునే వాళ్లమ్మ ఆ పాపకు డైపరు వేస్తుంది. నెలాఖరులో ప్యాకెట్టు అయిపోతే ఆ రోజు కేంద్రానికి వెళ్లడం మానేస్తారు, ఫిజియోథెరపీ కూడా ఆగిపోతుంది.

శానిటరీ ప్యాడ్లపై జీఎస్టీని 2018 జూలైలోనే పూర్తిగా ఎత్తివేశారు. పసిపిల్లల న్యాప్కిన్లు, క్లినికల్ డైపర్లపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది మాత్రం 2025 సెప్టెంబరు 22న. ఆ మిగిలిన 5 శాతం కూడా తీసేయాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షను, ఆదాయ పరిమితికి లోబడి సహాయ ఉపకరణాలు, మందులు ఉచితంగా అందించే పథకాల గురించి చెబుతున్నది. చక్రాల కుర్చీ ఎంత అవసరమో, ఆ కుర్చీలో కూర్చునే మనిషికి డైపరూ అంతే అవసరమని ప్రభుత్వాలు గుర్తించి, పడకకు పరిమితమైనవారికి నెలకు ఇన్ని అని ఆరోగ్య ఉపకేంద్రం నుంచే ఇవ్వాలని నా విన్నపం. ఎవరి ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో కొత్తగా సర్వే చేయనక్కరలేదు. నెల మొదట్లో ఇంటింటికీ పింఛను పంచే సచివాలయ ఉద్యోగులకు, ఆశా కార్యకర్తలకు అది తెలుసు.

ప్రభుత్వం కదిలేలోగా మనం చేయగలిగినవీ ఉన్నాయి. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సేవ (నయంకాని జబ్బులతో ఉన్నవారికి బాధ తగ్గించే సేవ), ఊరివాళ్లే వాలంటీర్లుగా చేరి చందాలు వేసుకోబట్టే అంత దూరం విస్తరించింది. 2008లో ఆ రాష్ట్రం దానికొక విధానమే ప్రకటించింది. మన డ్వాక్రా సంఘాలు నెలకొకసారి కలిసి హోల్‌సేల్ ధరకు కొని, సభ్యుల ఇళ్లకు అదే ధరకు ఇచ్చినా లూజుగా కొనేవారికి ఎంతో కలిసివస్తుంది.

ఇంకొకటి కాస్త సంకోచిస్తూనే రాస్తున్నాను. అమ్మ పోయిననాటికి మా ఇంట్లో విప్పని ప్యాకెట్లు మూడు, సగం వాడినది ఒకటి ఉన్నాయి. చావు ఇంటి వస్తువులు ఎవరూ తీసుకోరు, పారేయమని బంధువులు అన్నారు. మనసొప్పక ఆ కూలిపని చేసుకునే ఆవిడను వెతికి ఇచ్చాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, సైజు సరిపోతుందా అని మాత్రం అడిగింది. పెద్దకర్మ రోజున గొడుగు, చెప్పులు, మంచం దానమిచ్చే ఆచారం మనకుంది. ఆ మంచంతోపాటు, లేదా దానికి బదులుగా, మంచంలో ఉన్న మరొకరికి నెలకు సరిపడా డైపర్లు ఇస్తే పోయినవారి పేరున అంతకంటే మంచి దానం ఉంటుందని నేననుకోను.

వాడినవాటిని కాలువల్లో వేయకుండా కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలని ఘనవ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. పంచే చోటే ఆ మాట కూడా చెప్పాలి.

మా వీధి మందుల షాపతను తన కౌంటరు పక్కన ఒక అట్టపెట్టె పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఇళ్లలో మిగిలిపోయినవి, సైజు కుదరనివి అందులో వేస్తున్నారు. అవసరమైనవారు పేరు చెప్పకుండానే తీసుకెళుతున్నారు. ఈ వారం అందులో ఎల్ సైజువి పద్దెనిమిది ఉన్నాయి, పిల్లలవి ఒక్కటీ లేవు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తూర్పు గోదావరి జిల్లా.