ఫిల్టర్ ఒక్కటే మారిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత కార్ల గురించి జరిగే చర్చంతా మైలేజీ చుట్టూనే తిరుగుతోంది. అంతకన్నా ముందు పట్టించుకోవలసింది బానెట్ కింద ఉంది. పెట్రోల్ ఫిల్టర్‌ను ఇంట్లోనే మార్చుకునేవాళ్లు చాలామంది కొత్త ఫిల్టర్ బిగించి, దానికి అటూ ఇటూ ఉన్న ఇరవై ఏళ్లనాటి రబ్బరు గొట్టాలను అలాగే వదిలేస్తున్నారు. ఇథనాల్ పడని పాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, లేదా గట్టిపడి పగులుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే బండి ఆగుతుంది, అంతే. గొట్టం పగిలితే వేడి ఇంజన్ మీద పెట్రోలు పడుతుంది.

పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 లాంటి బండ్లలో ఈ పని అరగంటది. ముందు తప్పు ఫిల్టర్‌దేనా అని చూసుకోవాలి. బండి నిలిపి ఇంజన్ ఊరికే నడిపితే బాగానే ఉండి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడో జర్కులిచ్చి ఆగిపోతే, ఐదు నిమిషాలాగి సెల్ఫ్ కొడితే మళ్లీ నడిస్తే, ఫిల్టర్‌ను అనుమానించవచ్చు. ఆ ఐదు నిమిషాల్లో కార్బురేటర్ గిన్నె మెల్లగా నిండుతుంది కాబట్టి బండి లేస్తుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో మాత్రమే ఇలా అవుతుంటే అది గొట్టాల్లో పెట్రోలు ఆవిరి కావడం వల్ల కావచ్చు. పొద్దున చల్లని ఇంజన్‌తోనూ బరువు పడగానే ఇదే జరిగితే ఫిల్టర్ వైపే మొగ్గాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి మొదలుపెట్టండి. దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి, బీడీ ఏదీ ఉండకూడదు. పక్కన మంటలార్పే డ్రై పౌడర్ సిలిండరో, బకెట్ ఇసుకో పెట్టుకోండి. నీళ్లు పనికిరావు, పెట్రోలు వాటి మీద తేలుతూ మండుతుంది. ట్యాంకు మూత ఒకసారి తిప్పి లోపలి ఒత్తిడి వదిలేయండి. లేకపోతే గొట్టం ఊడదీయగానే పెట్రోలు ధారగా వస్తుంది.

గొట్టాన్ని నేరుగా లాగకండి. ఫిల్టర్ ప్లాస్టిక్ ముక్కు విరిగి గొట్టంలోనే ఉండిపోతుంది. పట్టకారుతో సున్నితంగా పట్టి, అటూ ఇటూ తిప్పితే అతుకు వదులుతుంది. వదలకపోతే బ్లేడుతో నిలువుగా కోసేయండి, ఎలాగూ మార్చేదే కదా. ట్యాంకు వైపు చివరను సరిపడా లావున్న శుభ్రమైన బోల్టుతో మూయండి. పెట్రోలును నోటితో పీల్చే అలవాటు మానుకోవాలి, ఊపిరితిత్తుల్లోకి కొంచెం పోయినా ప్రమాదం.

కొత్త ఫిల్టర్ మీద బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. తిరగేసి పెట్టినా బండి నడుస్తుంది, తప్పు దొరకనిది అందుకే. సరిగా పెడితే మడ్డి కాగితం మడతల బయట చేరుతుంది, పారదర్శకంగా ఉన్న డబ్బాలోంచి కనిపిస్తుంది. తిరగేస్తే మడతల లోపల చేరి, కంటికి కనపడకుండానే త్వరగా మూసుకుపోతుంది.

గొట్టం విషయంలో షాపులో ఏదిస్తే అది తీసుకోకండి. బైకులకు వేసే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం వేడికి గట్టిపడి జారిపోతుంది. గొట్టం మీద అచ్చు వేసి ఉండే గుర్తు చదవండి: ఎస్ఏఈ 30ఆర్9 అని ఉంటే కార్బురేటర్ బండ్లకూ, పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ బండ్లకూ పనికొస్తుంది. 30ఆర్7 తక్కువ ఒత్తిడికి చేసింది, ఇంజెక్షన్ బండికి వేయకూడదు. పాత ముక్క పట్టుకెళ్లి లోపలి కొలత సరిచూసుకోండి. క్లిప్పులూ కొత్తవే వేయండి. స్క్రూ బిగిసిన తర్వాత పావు చుట్టు చాలు, ఇంకా బిగిస్తే క్లిప్పు అంచు రబ్బరును కోస్తుంది. అతుకుల దగ్గర బంక, టేపు పూయకండి, అవి కరిగి కార్బురేటర్‌లోని సన్నటి రంధ్రంలో (జెట్‌లో) ఇరుక్కుంటాయి.

బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేస్తే, గిన్నెలో మిగిలిన పెట్రోలుతో వెంటనే అందుకుని నిమిషంలో ఆగిపోవచ్చు. గాబరా అక్కర్లేదు, కొత్త ఫిల్టర్‌లోని గాలి అది. పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకుండా, మధ్యలో ఆగుతూ ప్రయత్నించండి. లీకు చూడటానికి ఇంజన్ ఆపి, అతుకుల కింద దినపత్రిక ముక్క పెట్టండి (మీ పత్రికైనా సరే). చుక్క ఆరిపోయినా కాగితం మీద మచ్చ మిగులుతుంది. ఇంజన్ వేడెక్కాక ఒకసారి, మర్నాడు పొద్దున మరోసారి చూడాలి.

ఎంపీఎఫ్ఐ, అంటే ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు ఒత్తిడి దాదాపు మూడు బార్లు. ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపాలి. అలా చేయకుండా అతుకు విప్పితే పెట్రోలు ముఖాన కొడుతుంది. ఫిల్టర్ బండి కింద ఉంటే, ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరకండి. బండిని ఎత్తి నిలిపే స్టాండ్లు లేనివాళ్లు అది షెడ్డుకే వదిలేయడం మంచిది.

కొత్త ఫిల్టర్ నెలలోపే ఎర్రటి పొడితో నిండితే అది ట్యాంకు తుప్పు. ట్యాంకు దించి కడగాల్సిందే, ఎన్ని ఫిల్టర్లు మార్చినా లాభం లేదు.

రవాణా శాఖకు ఒక విన్నపం. 15 ఏళ్లు నిండిన సొంత కార్లకు రిజిస్ట్రేషన్ పొడిగించే ముందు తనిఖీ చేస్తారు. అప్పుడు బానెట్ ఎత్తి పెట్రోల్ గొట్టాలను వేలితో వంచి చూడమని ఇన్‌స్పెక్టర్లకు చెప్పండి. వంచినచోట సన్నటి పగుళ్లు కనిపిస్తే గొట్టం మార్చాకే రమ్మనాలి.

– ఒక కారు మెకానిక్, తెనాలి