చెరువుల్లో విషనాచుపై ఉపగ్రహ నిఘా: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. గత సర్వసభ్య సమావేశం ఆమోదించిన మేరకు, తిరుపతి చుట్టుపక్కల చెరువుల్లో నాచు ఉధృతిని ఉపగ్రహ చిత్రాల సాయంతో గమనించే పనిని ఈ ఏడాది చేపట్టాము. రాయలచెరువుతో మొదలుపెట్టి, ఊరి మురుగు చేరే చిన్న చెరువులను కూడా ఆ తర్వాత కలుపుకున్నాము.

మురుగుతోను, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులతోను భాస్వరం, నత్రజని పేరుకున్న నీటిలో, ఎండ ముదిరి గాలి ఆడని రోజుల్లో మైక్రోసిస్టిస్ వంటి సయానోబాక్టీరియా (నీలి-ఆకుపచ్చ నాచు అని పిలిచే సూక్ష్మజీవులు) విపరీతంగా పెరిగి పచ్చటి తెట్టు కడుతుంది. వీటిలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. నీళ్లు కాచినంత మాత్రాన అది పోదు. ఈ విషం కారణంగానే 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగర పరిధిలో, ఈరీ సరస్సు నీరు అందుకునే 4 లక్షల మందికి పైగా ప్రజలను కుళాయి నీరు తాగవద్దని హెచ్చరించారు.

ఐరోపా వారి సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు ఐదు రోజులకొకసారి తీసే చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. నాచులోని పత్రహరితం 665 నానోమీటర్ల దగ్గరి ఎర్రటి వెలుగును పీల్చుకుంటుంది, నాచు చిక్కబడిన కొద్దీ 705 దగ్గర వెనుదిరిగే వెలుగు పెరుగుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగించి వచ్చే సూచికనే మేము వాడాము. సయానోబాక్టీరియాలో ఉండే ఫైకోసయానిన్ అనే నీలి వర్ణకాన్ని గుర్తించగల 620 నానోమీటర్ల వెలుగు పట్టీ సెంటినెల్-3 అనే మరో ఉపగ్రహ శ్రేణిలో ఉంది. కానీ ఆ చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) 300 మీటర్లు కావడంతో మన చిన్న చెరువులకు నీటితోపాటు కట్ట, పొలం కూడా అదే గడిలో పడిపోతాయి. అందుకే 20 మీటర్ల గడితో సరిపెట్టుకున్నాము.

గుర్రపుడెక్క పరుచుకున్న చోట కూడా సూచిక ఎక్కువే చూపుతుంది. కనుక అనుమానం వచ్చిన ప్రతి చోటికీ కార్యకర్తలు వెళ్లి, నీటి నమూనాను సూక్ష్మదర్శినిలో చూసిన తర్వాతే నమోదు చేశారు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో మబ్బుల వల్ల చాలా చిత్రాలు అక్కరకు రాలేదు. అయితే నీరు తగ్గి చిక్కబడేది వేసవిలోనే కాబట్టి ఇది పెద్ద లోటు కాదని కార్యవర్గం అభిప్రాయం.

సూచిక ఎక్కువ చూపిన చోట ఎర్రరంగు పులిమిన పటాలను వాట్సాప్‌లో పంచాలని కొందరు సభ్యులు కోరగా కార్యవర్గం అంగీకరించలేదు. ఉపగ్రహానికి కనిపించేది రంగే, విషం కాదు. తాగునీటిలో మైక్రోసిస్టిన్-ఎల్ఆర్‌కు (ఆ విషంలో ఒక రకం) ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. దాన్ని ప్రయోగశాలలోనే తేల్చాలి. పరీక్ష జరగకముందే భయం పుట్టిస్తే ముందు నష్టపోయేది చేపలు పట్టి బతికేవారే.

వచ్చే ఏడాది పటాల తయారీ ఖర్చు తగ్గించి, మార్చి నుంచి వానలు పడేదాకా విషపరీక్షలకు నిధులు కేటాయించాలని, తెట్టు కనబడిన రోజే పశువుల కాపరులకూ మత్స్యకార సంఘాలకూ కబురు చేరేలా ప్రతి చెరువుకూ ఒక బాధ్యుణ్ణి నియమించాలని ప్రతిపాదిస్తూ, ఈ రెండింటికీ సభ్యుల ఆమోదం కోరుతున్నాము.