ప్యాకేజీ కాదు, మధ్యస్థ జీతం చూపించండి

సంపాదకునికి,

ఇంజినీరింగ్ కాలేజీల హోర్డింగుల నిండా అత్యధిక ప్యాకేజీలే. అవి ఒకరిద్దరికి వచ్చేవి. ఐటీ సర్వీసు కంపెనీల్లో చేరే ఫ్రెషర్లు చాలామంది ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే మొదలవుతారు. చేతికొచ్చేది నెలకు సుమారు 25 వేలు. యాజమాన్య కోటా సీటు కోసం 8 లక్షల అప్పు తెస్తే, పదిన్నర శాతం వడ్డీతో పదేళ్లకు నెలసరి కిస్తీ దాదాపు 10,800. చదివినన్నాళ్లూ కిస్తీ కట్టక్కర్లేదు, నిజమే, కానీ వడ్డీ ఆగదు. కట్టకపోతే అసలులో కలుస్తుంది. హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు పోను ఆ పిల్లలకు మిగిలేదెంత?

కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం పోటీపడే కాలేజీలు మధ్యస్థ జీతం లెక్క ఎలాగూ ఇస్తున్నాయి. ఉద్యోగం వచ్చినవారిలో సగం మందికి అంతకంటే తక్కువేనని దానర్థం. ఆ అంకెను బ్రాంచీల వారీగా ఫీజుల బోర్డు పక్కనే పెట్టేలా ఉన్నత విద్యామండలి ఆదేశించాలి, అడ్మిషన్లు మొదలుకాకముందే.

– ఒక విద్యార్థి తండ్రి, ఖమ్మం