ఇంటితోటల సంఘం, విజయవాడ: ఐరిస్ విభాగం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్ళీ చదవను. ఈ ఏడాది పని చాలావరకు సెప్టెంబరులో వచ్చిన బుడమేరు వరద తినేసింది. మిగిలిన బలమంతా దుంపలు విడదీసి నాటడం చూపించిన జనవరి శిబిరం మీద పెట్టాం.

వరద సంగతి ముందు. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట సభ్యుల పెరళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. నేలలో పెట్టిన ఐరిస్‌లు, అంటే దుంపతో పెరిగే మన పూలమొక్కలు, దాదాపు అన్నీ పోయాయి. దుంప మునిగితే దానికి గాలి అందదు. నీళ్ళు తీశాక పైన పేరుకున్న బురద ఎండి పెచ్చు కట్టింది, దాంతో బతికినవి కూడా కుళ్ళాయి. డాబాల మీది కుండీలకు ఏమీ కాలేదు. వెంటనే మొదలు చుట్టూ బురద గీకి, మంచినీళ్ళతో కడిగి, ఆకుల్ని సగానికి కోసి, దుంప వీపు గాలికి ఆరేలా వదిలినవాళ్ళకు కొన్ని దక్కాయి. ఇకమీదట నేలలో పెట్టేవారు జానెడు ఎత్తున మడి పోసుకోవాలి. నల్లరేగడి అయితే ఇది తప్పనిసరి.

ఏ ఐరిస్ పెట్టాలి?

ప్రతి సమావేశంలోనూ కాశ్మీరు ఐరిస్, కుమావూన్ ఐరిస్ తెప్పించమని అడిగేవాళ్ళు ఉంటారు. అవి హిమాలయాల్లో మంచు కింద నిద్రపోయి లేచే మొక్కలు. సంక్రాంతి రోజుల్లో కూడా మన రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 18 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. దుంపను ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సరిపోతుందన్న ఆశ వద్దు. ఒకవేళ చిగురు వచ్చినా మే నెల ఎండకు కూలబడుతుంది. డచ్ ఐరిస్ గడ్డల్ని ఆరు వారాలు చల్లబెట్టి నవంబరులో నాటితే ఆకు వస్తుంది గానీ, పగటి వేడి ఎక్కువైతే మొగ్గ తొడిమలోనే ఎండిపోతుంది. పైగా అవి మనం కోరే అడవి జాతులు కావు, సంకరాలు. విదేశాల నుంచి గింజలు తెప్పించేవారికి ఇంకోమాట: మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు, 2003 ప్రకారం దిగుమతి పర్మిటు, ఎగుమతి దేశం తెగుళ్ళు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్టు ఉండాలి. కవరులో దాచి పంపించుకున్న గింజలకు సంఘం బాధ్యత వహించదు, వాటిని ప్రదర్శనలోనూ పెట్టనివ్వదు. కొండపల్లి రిజర్వు అడవిలో దుంపలు తవ్వి తెచ్చేవారికీ ఇదే మాట. అది నేరం.

మన ఎండకు నిలిచే అడవి ఐరిస్ ఒకటుంది. అదే ఐరిస్ డొమెస్టికా. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దీన్ని ఆర్కిడ్ల వరుసలో పెట్టాడు. తరువాత చాలాకాలం బెలమ్‌కాండ అన్నారు. 2005లో ఐరిస్ కిందికి చేర్చారు. నర్సరీలో బెలమ్‌కాండ అని గానీ బ్లాక్‌బెర్రీ లిల్లీ అని గానీ అడగండి. నారింజ రంగు పువ్వు, ఆరు రేకులు, వాటి మీద ఎర్ర చుక్కలు. పొద్దున విచ్చి సాయంత్రానికి పిండిన తడిగుడ్డలా మెలిపడిపోతుంది. మర్నాడు పక్క మొగ్గ వంతు. అరుదైనది కాదుగా అని పెదవి విరిచే సభ్యులున్నారు. ముందు మీ ఇంట్లో పూయించి చూపించండి, తరువాత మాట్లాడుకుందాం.

జనవరి శిబిరం

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇదే. పటమట సభ్యురాలు తమ పెరడు ఇచ్చారు, సత్యనారాయణపురం మిత్రులు ఎర్రమట్టి, ఇసుక మోయించారు, గుణదల దంపతులు అందరికీ పులిహోర, మజ్జిగ పెట్టారు. అందరికీ కృతజ్ఞతలు. రాలేకపోయినవారి కోసం అక్కడ చేసి చూపించిన పద్ధతి రాస్తున్నాను.

డొమెస్టికా దుంపను విడదీయడానికి వానలు తగ్గి నేల చల్లబడ్డ డిసెంబరు చివరి నుంచి జనవరి దాకా అనువు. మొక్క చుట్టూ జానెడు దూరంలో గునపం దింపి గడ్డ మొత్తం పైకి లేపాలి. మట్టి దులిపితే నారింజ పసుపు దుంపలు, వాటి కణుపుల దగ్గర పిలకలు కనిపిస్తాయి. ఒక్కో ముక్కకు ఒక పిలక, కనీసం రెండు మూడు వేళ్ళు ఉండేలా కోయాలి. కత్తిని ప్రతి మొక్కకూ స్పిరిట్‌తో తుడవాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే కుళ్ళు ఒక తోట నుంచి ఇంకో తోటకు పోతోంది. ఆకుల్ని మూడో వంతు మిగిల్చి కత్తిరించి, ముక్కల్ని లీటరుకు 2 గ్రాముల సాఫ్ అనే బూజు మందు కలిపిన నీళ్ళలో పది నిమిషాలు ముంచి, నీడలో ఒక రోజు ఆరబెట్టాలి. కోసిన చోట తడి పోయి పొర కట్టాకే నాటాలి.

కుండీ పది అంగుళాలకు తగ్గకూడదు. అడుగు రంధ్రం చిటికెన వేలంత ఉండాలి, దాని మీద పెంకుముక్క. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. కొబ్బరి పీచు పొట్టు వద్దు. పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి పట్టి ఉంచుతుంది, దుంపకు అదే చేటు. దుంప మీద అంగుళానికి మించి మట్టి కప్పకండి. మొదటి మూడు రోజులు నీళ్ళు పోయకండి. ఇది చెప్పినా కొందరు ఇంటికి వెళ్ళగానే చెంబెడు పోశారని తెలిసింది.

గింజలతో పెంచేవారికి: పండిన కాయ పగిలి నల్ల గింజలు బయటపడగానే తీసుకోండి. ఒక రోజు నానబెట్టి గుడ్డతో రుద్ది, తడి టిష్యూలో చుట్టి జిప్ కవరులో ఫ్రిజ్ కింది అరలో మూడు వారాలు ఉంచితే మొలక కొంత సమంగా వస్తుంది. సెంటీమీటరు లోతు చాలు. రెండు వారాలకు ఒకటి, రెండు నెలలకు ఇంకొకటి మొలుస్తాయి కాబట్టి తొందరపడి ట్రే బోర్లించకండి. గింజలు, దుంప నోట్లో పెట్టుకుంటే విషమే. పిల్లలున్న ఇళ్ళలో కాయను పగలక ముందే కోయండి.

తెగుళ్ళ గురించి వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం మొదలు కుళ్ళువే. మొదలు దగ్గర తెల్లని దారాలు, వాటిలో ఆవగింజలంత గోధుమరంగు ఉండలు కనిపిస్తే అది స్క్లెరోషియం అనే బూజు తెగులు. మొక్కను చుట్టూ మట్టితో సహా తీసేయాలి, కంపోస్టులో వేయకూడదు. కొత్త మట్టిలో కిలో మాగిన ఎరువుకు 10 గ్రాముల ట్రైకోడెర్మా, అంటే తెగులు బూజును అణిచే మేలు బూజు పొడి, కలిపి, వారం రోజులు నీడలో తడిగా ఉంచి వేయాలి. దుర్వాసనతో దుంప మెత్తబడితే అది బాక్టీరియా కుళ్ళు. గట్టి కండ తగిలేదాకా కోసి ఆరబెట్టడమే దారి. ఈ రెండింటికీ యూరియా మోజు తోడవుతోంది. లేతగా ఉబ్బిన ఆకు ముందు కుళ్ళుతుంది. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపైతే బోరు నీళ్ళ సున్నం వల్ల ఇనుము అందడం లేదు. లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. పూలలో తామర పురుగులకు నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి. 2021లో గుంటూరు మిరప రైతులను ముంచిన పురుగు జాతి ఇదే కుటుంబానిది, తేలిగ్గా తీసుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తరువాత పడమటి ఎండకు 50 శాతం నీడవల కట్టండి, కుండీలను ఇటుకల మీద నిలబెట్టండి.

నీటితొట్లలో పెంచే పసుపు ఐరిస్, అంటే స్యూడాకోరస్, ఇక మీదట పంచబోము. అదనపు దుంపల్ని ఎవరో కాలువలో పారేశారని విన్నాం. బందరు కాలువకు, ఏలూరు కాలువకు గుర్రపు డెక్క బాధ చాలు.

చెప్పక తప్పని మాట

శిబిరానికి పేరిచ్చిన స్వచ్ఛంద సభ్యుల్లో సగానికి పైగా రాలేదు, ఫోన్లూ తీయలేదు. మట్టి మోసింది ఎప్పుడూ మోసేవాళ్ళే. ఒక కార్యాలయానికి హాలు అనుమతి కోసం ముందే దరఖాస్తు పెట్టాం. శిబిరం అయిపోయాక తేదీ మార్చుకోమని జవాబు వచ్చింది. ప్రారంభోత్సవానికి వస్తామన్న అధికారి కోసం గంటన్నర కూర్చున్నాం, ఆ గంటన్నరలో దుంపలు ఎండిపోతున్నాయి.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. వరద సహాయం వల్ల నిల్వ తగ్గింది, ఆడిట్ అయింది, బకాయిదారుల జాబితా తలుపు దగ్గర అంటించాం.

అధ్యక్షుల వారికి, తట్టలు, గునపాలు ఇచ్చిన భవానీపురం సభ్యులకు, ఫోటోలు తీసిన యువకులకు, వరదలో తమ ఇల్లు మునిగినా పక్కింటి మొక్కల్ని డాబా ఎక్కించిన సింగ్ నగర్ సోదరీమణులకు పేరుపేరునా ధన్యవాదాలు.

డొమెస్టికా గింజల పొట్లాలు ఇవాళ సమావేశం ముగిశాక చందా రసీదు చూపినవారికి ఇస్తాం. పూసిన తరువాత ఒక పిలక సంఘానికి తిరిగి ఇవ్వాలి. పొట్లం మీద మీ పేరు, పేట రాయించుకోవడం మరవకండి.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి