మాకు శాలువా వద్దు, టేపు పట్టండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల శీర్షికలో ఒక పెద్దమనిషి రాసింది చదివాను. యాభై దాటినవాళ్లకు పొద్దున నడక చాలు, పోటీలు పిల్లలకు వదిలేయాలి, ఈ వయసులో గెలుపోటములు నెత్తిన పెట్టుకుంటే బీపీ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు అన్నారు. ఆయన మన మంచి కోరే రాశారు, ఆ మాట ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోలేను. నాకు యాభై ఒకటి. ఉండేది హనుమకొండ. ఆర్టీసీలో కండక్టర్‌ని, ఎక్కువగా పరకాల రూటు. ఆరేళ్లుగా షాట్‌పుట్, అంటే ఇనుప గుండు, వేస్తున్నాను, పోటీలకు వెళ్తున్నాను.

మొదలైంది 2019 మహిళా దినోత్సవం రోజు. మా లేడీ కండక్టర్లకు ఎప్పటిలాగే మ్యూజికల్ చైర్స్, చెంచాలో నిమ్మకాయ, ముగ్గుల పోటీ. ఆ ఏడు ఎవరో ఒక స్కూల్ నుంచి నాలుగు కిలోల గుండు కూడా తెచ్చారు. చూడటానికి వచ్చిన ఒక రిటైర్డ్ పీఈటీ సారు దగ్గర టేపు ఉంది. నేను వేసింది కొలిచి "ఐదు మీటర్ల పన్నెండు" అన్నారు. "మోచెయ్యి కిందికి పడుతోంది, పైకి లేపి మళ్లీ వెయ్యమ్మా" అన్నారు. రెండోసారి ఐదు మీటర్ల ముప్పై. నడుమ పద్దెనిమిది సెంటీమీటర్లు. ఆ పద్దెనిమిది ఎక్కడి నుంచి వచ్చాయా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. అదే చెయ్యి, అదే గుండు, అరగంట కూడా తేడా లేదు.

ఇరవై ఏళ్ల సర్వీసులో లెక్కలు నాకు కొత్త కాదు. ఎన్ని టికెట్లు, ఎంత కలెక్షన్, బస్సు ఎంత నిండింది అని రోజూ చూస్తారు. అవన్నీ బస్సు లెక్కలు. నేను ఎంత చేయగలనో ఒకరు టేపు పట్టి చెప్పడం, స్కూల్ వదిలిన తర్వాత అదే మొదటిసారి.

ఆ అక్టోబరులో మా సమ్మె వచ్చింది. యాభై రెండు రోజులు డ్యూటీ లేదు, ఇంట్లో కూర్చుంటే టెన్షన్. పొద్దున ఐదున్నరకు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంకి పోవడం అప్పుడే మొదలుపెట్టాను. ఆ సారు అక్కడ స్కూల్ పిల్లలకు నేర్పిస్తుండేవారు. వాళ్ల వెనక వరుసలో నేను కూడా నిలబడ్డాను.

మనం గుండు విసరడం అంటాం గానీ, విసిరితే ఫౌల్. భుజం మీది నుంచి ఒంటి చేత్తో తోయాలి. గుండు అరచేతిలో పెట్టుకోకూడదు, వేళ్ల మొదళ్ల మీద కూర్చోవాలి, బొటనవేలు, చిటికెనవేలు పక్కల నుంచి కాపు కాయాలి. అలా పట్టుకుని దవడ కింద మెడ గుంటలో ఆనించాలి. చలికాలం పొద్దున ఆ ఇనుము మెడకు తగిలితే ఒళ్లంతా ఝల్లుమంటుంది. మేం నిలబడి వేసే వలయం అడ్డంగా ఏడడుగులు, అంతే. బలం కుడి పాదం దగ్గర పుట్టి మోకాలు, తుంటి, నడుము, ఛాతీ దాటుకుంటూ చివరికి చేతికి రావాలి. చెయ్యి తొందరపడితే కింది బలమంతా నేల పాలే. ముందున్న చెక్క లోపలి అంచుకు కాలు ఆనవచ్చు, పైన తగిలితే ఫౌల్. గుండు నేల మీద పడేదాకా బయటికి రాకూడదు, వచ్చేటప్పుడు వెనక సగం నుంచే రావాలి. ఈ ఒక్క కదలిక సరిగ్గా కుదరడానికి నాకు రెండేళ్లు పట్టింది. మెడ మీద నల్లగా మచ్చ పడితే "ఏమైందక్కా?" అని ప్యాసింజర్లు అడిగేవారు. చెప్తే కొందరు గుండు బరువెంత అని అడిగేవారు, కొందరు మాట మార్చేవారు.

మా అమ్మ పరకాలలో ఉంటుంది. "ఇనుప గుండుతోని నీకేం పని బిడ్డా, ఉన్న బ్యాగు మోసేది చాలదా?" అన్నది మొదట్లో. ఇప్పుడు పోటీ రోజు ఫోన్ ఎత్తగానే ఆమె అడిగేది ఒకటే, "ఎంత పడ్డది?"

2020 లాక్‌డౌన్‌లో బస్సులు ఆగాయి, గ్రౌండ్ మూసేశారు. మా ఇంట్లో రోలు పాడైపోయి దాని చిన్న పొత్రం మిగిలింది. కిరాణా కొట్టు కాంటా మీద పెడితే మూడు కిలోల ఎనిమిది వందలు తూగింది. పెరట్లో మట్టి గుల్ల చేసి దానితోనే వేసేదాన్ని. గుండ్రంగా ఉండదు కాబట్టి మెడకు ఆనదు, ఏ రోజుకారోజు కొత్తగా పట్టుకోవాల్సి వచ్చేది. మళ్లీ అసలు గుండు పట్టుకున్న రోజు, దాన్ని ఇంత చక్కగా చేసినవాళ్లకు దండం పెట్టాలనిపించింది.

2021 సెప్టెంబరులో మన స్టేడియంలోనే జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. అక్కడే హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నుంచి సునీతా రాణి పేరున ఉన్న రికార్డు దాటింది. తేడా సెకను కూడా లేదు. నేను మాత్రం కంచె బయట నిలబడి గుండు వేసే అమ్మాయిల పాదాలే చూశాను. ముందుకు జారేటప్పుడు కుడి పాదం ఎంత తక్కువ ఎత్తు లేస్తుందో చూస్తూ నిలబడ్డాను.

ఆ పెద్దమనిషి భయం కూడా ఉత్తది కాదు. 2022లో ఒకరోజు డబుల్ డ్యూటీ దిగి, కసి కొద్దీ నలభై సార్లు వేశాను. భుజం పట్టేసింది, నాలుగు నెలలు గుండు ముట్టలేదు. రబ్బరు బ్యాండుతో కసరత్తులు చేసి మెల్లగా తిరిగి వచ్చాను. ఇప్పుడు ఇరవైకి మించి వేయను, ఒళ్లు వేడెక్కకుండా గుండు పట్టను. నలభై దాటి మొదలుపెట్టేవాళ్లు బీపీ, షుగర్ చూపించుకునే దిగాలి. కానీ నడకతోనే అంతా సరిపోతుందనడం సరికాదు. వయసు పెరిగేకొద్దీ కండ తగ్గుతుంది, నెలసరి ఆగిన ఆడవాళ్లకు ఎముక గుల్లబారుతుంది. ఈ రెండింటికీ బరువు పని కావాలి.

ఇక ఎదుగుదల సంగతి. వయసు మళ్లినవాళ్లకు పెట్టే మాస్టర్స్ పోటీలు, వీటినే వెటరన్స్ అని కూడా అంటారు, 35 ఏళ్ల నుంచి మొదలై ఐదేళ్లకో వర్గంగా సాగుతాయి. ఆడవాళ్లకు 49 దాకా నాలుగు కిలోల గుండు, 50 నుంచి 74 దాకా మూడు కిలోలు, 75 నుంచి రెండు. నాలుగు కిలోలతో 2023లో నేను 6.92 మీటర్ల దాకా వచ్చాను. 2024 జూన్‌లో యాభై నిండాయి, మూడు కిలోల గుండు చేతికొచ్చింది. సులువనుకున్నాను. తీరా చూస్తే చెయ్యి ముందే పోతోంది, కాలు వెనకబడుతోంది, ఐదేళ్లు నేర్చిన లయంతా తప్పింది. తేలిక గుండుకు వేగం కావాలట. మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు 8.41 వేస్తున్నాను. పోటీ లేకపోతే ఆ వేగం కోసం నేను అంత పాటుపడేదాన్ని కాదు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం నిరుడు జరిగిన ఒక పోటీ. ఎక్కడ, ఎవరు పెట్టారన్నది వదిలేస్తాను. మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నారు. సభ, దండలు, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి పొద్దు గుంకింది. మాకు మూడు కిలోల గుండు లేదు, "నాలుగు కిలోలదే ఉంది, సర్దుకోండమ్మా" అన్నారు. సర్దుకున్నాం. గుండు పడిన చోట ఒకాయన సున్నంతో గీత గీసి, "అందరూ ఆ ఆరేడు మీటర్ల దగ్గరే వేశారు, అందరికీ మెడల్స్ ఇస్తాం, ఫొటోకు రండి" అన్నాడు.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకామె, 63 ఏళ్లు, స్కూల్లో అటెండర్‌గా చేసి రిటైరైంది. సున్నం గీత దగ్గర నుంచి కదలలేదు. "రెండు బస్సులు మారి వచ్చిన సారూ. నాది ఎంత పడ్డదో చెప్పుండ్రి" అన్నది. మెల్లగానే అన్నది, కానీ మేమందరం పోయి ఆమె పక్కన నిలబడ్డాం. ఎవరిదో కారు డిక్కీలోంచి టేపు వచ్చింది. రెండు ఫోన్ల లైట్లలో కొలిచారు. నాలుగు మీటర్ల ఎనభై ఏడు. ఆమె బ్లౌజులోంచి పెన్ను తీసి అరచేతి మీద 4.87 అని రాసుకుంది. అంతకుముందు ఏడు ఇదే బరువుతో ఇంటి దగ్గర 4.60 వేసిందట. ఇచ్చిన మెడల్ సంచిలో వేసుకుంది గానీ, బస్సెక్కేదాకా ఆ చెయ్యి మూయలేదు.

2022లో ఫిన్లాండ్‌లోని టాంపెరేలో ప్రపంచ మాస్టర్స్ పోటీలు జరిగాయి. మన దేశం నుంచి వెళ్లిన భగవానీ దేవి డాగర్‌కు అప్పుడు 94 ఏళ్లు. 100 మీటర్లలో బంగారు పతకం, షాట్‌పుట్‌లో కాంస్యం. ఆ 100 మీటర్లు 24.74 సెకన్లని లోకానికి తెలుసు. తొంభై నాలుగేళ్ల మనిషి కదా, వచ్చిందే గొప్ప అని వాచీ పక్కన పెట్టలేదు. సెకనులో నూరో వంతు దాకా చూశారు.

మన ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో వెటరన్స్ పోటీలు పెట్టేవాళ్లను నేను అడిగేది ఇదే. వయసుకు తగిన బరువుల గుండ్లు తెప్పించండి. వెలుతురు ఉండగా ఈవెంట్లు పెట్టండి, సన్మానం తర్వాత చేసుకుందాం. ప్రతి త్రో కొలవండి, అంకె పైకి చదవండి. గ్రౌండ్లలో సాయంత్రం ఒక గంట మాలాంటివాళ్లకు వలయం వదిలితే మేమే శుభ్రం చేసుకుంటాం.

మీకూ ఒక విన్నపం ఉంది సార్. ఆ పోటీ వార్త మర్నాడు మీ జిల్లా పేజీలో వచ్చింది. అతిథుల పేర్లు పదకొండు లెక్కపెట్టాను. చివర "తదితరులు పాల్గొన్నారు" అని ఉంది. ఆ తదితరులం మేమే. ఈసారి అలాంటి వార్త వస్తే ఎవరు ఎంత వేశారో, ఎంతసేపట్లో పరుగెత్తారో మీటర్లు, సెకన్లతో వేయండి. చోటు చాలకపోతే నా అంకె తీసేయండి, ఆ అటెండరమ్మది మాత్రం వేయండి. వయసు 63, నాలుగు కిలోలు, 4.87.

ఇట్లు,
ఒక ఆర్టీసీ కండక్టర్,
హనుమకొండ